సైకిల్ దారికి కార్పొరేటరును ఒప్పించడం – నాలుగో పాఠం: గీతకూ గట్టుకూ తేడా

మూడో పాఠం చివర ఇచ్చిన నమూనా వినతిపత్రాన్ని పట్టుకొని కార్పొరేటరును కలిసి వచ్చిన పాఠకుల ఉత్తరాలన్నీ చదివాను. మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు, శాలువా కప్పించుకొని ఫొటో దిగారు, ‘తప్పకుండా చేయిద్దాం’ అన్నారు. ఇంతవరకు అందరి అనుభవమూ ఒకటే. ఆ తరువాత కొందరికి ఏమీ జరగలేదు. వారి గురించి నాకు పెద్ద దిగులు లేదు, మళ్ళీ వెళ్ళవచ్చు. పని ‘జరిగిన’ వారి సంగతే నన్ను కలవరపెట్టింది. రోడ్డు అంచున నాలుగడుగుల మేర ఆకుపచ్చ రంగు పూసి, నడుమ తెల్లని సైకిల్ బొమ్మ వేసి, అడిగింది ఇచ్చేశామని చేతులు దులుపుకొన్నారు.

తప్పు నాదే. నమూనాలో ‘సైకిల్ ట్రాక్ ఏర్పాటు చేయించగలరు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అందువల్ల ఈసారి చెప్పవలసిన బడ్జెట్ పాఠాన్ని వాయిదా వేసి, జరిగిన నష్టాన్ని సరిచేసుకొనే పని పెట్టుకొంటున్నాను. మీ కార్పొరేటరు ఎవరు, ఇంటి దగ్గర ఎన్ని గంటలకు దొరుకుతారు అన్నవి మీకు తెలియనివి కావు కనుక వాటి జోలికి పోను.

‘ట్రాక్’ అనే మాట మునిసిపల్ కార్యాలయంలో ఎంత సాగుతుందో ముందుగా గ్రహించాలి. మీ దృష్టిలో అది వేరుగా ఉండే దారి. అసిస్టెంట్ ఇంజనీరు దృష్టిలో అది రంగు డబ్బాలతో ఒక్క రాత్రిలో పూర్తయ్యే పని. రంగు పూయడానికి మురుగు కాలువను జరపనక్కరలేదు, కరెంటు స్తంభాన్ని మార్చనక్కరలేదు, ఏ దుకాణదారుతోనూ గొడవ పడనక్కరలేదు. ఎవరికీ ఇబ్బంది లేని పని వెంటనే అవుతుంది. అలా అయిన పని ఎవరికీ ఉపయోగపడకపోవడంలోనూ వింత లేదు.

మా డివిజన్‌లో ఇలాంటి గీతే గీశారు. ఒక బుధవారం ఉదయం ఏడున్నరకు అక్కడ గంటసేపు నిలబడి చూశాను. మొదట ఒక కారు, దాని వెనుక మరొకటి, ఆ తరువాత గ్యాస్ బండతో సహా ఇడ్లీల బండి. అది దాటగానే ఇసుక కుప్ప. కుప్పను తప్పించుకొని మళ్ళీ గీతలోకి వచ్చినవారికి వాన నీరు దిగే ఇనుప జాలీ ఎదురవుతుంది. ఆ జాలీ కమ్మీలు రోడ్డు పొడవునే ఉండడం వల్ల వాటి సందులోకి సైకిల్ టైరు సరిగ్గా పడుతుంది. పాల డబ్బాలు కట్టుకొన్న మనిషి దాన్ని చూసి, చెయ్యి చూపించే వీలు లేక, మెడ మాత్రం తిప్పి చూసుకొని బస్సు ముందుకు జరిగాడు. ఆ గంటలో గీత లోపల సాగిపోయిన సైకిళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ పైన కొన్ని రకాల రంగు తడిస్తే జారుతుంది కూడా. అన్నిటికన్నా పెద్ద హాని మరొకటి ఉంది: గీత పడిన రోజున మీ ఫైలు మూతపడుతుంది. ఆరు నెలల తరువాత మీరు మళ్ళీ వెళితే ‘ట్రాక్ వేయించినం కద సార్, ఇంకేం గావాలె?’ అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే మీ కాగితంలో అంతకు మించి లేదు.

కనుక ‘ట్రాక్’ అన్న మాటను కొట్టివేసి ఇలా రాయండి: ‘ఫలానా చౌరస్తా నుంచి ఫలానా బడి గేటు వరకు, రోడ్డుకు రెండు వైపులా, మోటారు వాహనాల నుంచి కాంక్రీటు గట్టుతో వేరు చేసిన, కనీసం రెండు మీటర్ల వెడల్పు గల సైకిల్ దారిని నిర్మింపజేయవలసిందిగా కోరుతున్నాము. రంగు గీతలను దీనికి బదులుగా అంగీకరించము.’ చివరి వాక్యం మొరటుగా ఉందని మీకు అనిపించవచ్చు, దాన్ని తీసివేయవద్దు. ఇంజనీర్లకు పంపే ప్రతిలో ‘గట్టు’ పక్కన ‘కర్బ్’ అని కూడా రాయండి, సైకిల్ దారుల నమూనాకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 11 అనే ప్రమాణ పత్రం ఉన్నదని గుర్తుచేయండి. రెండు మీటర్లు ఎందుకంటే, పాల డబ్బాల సైకిలును మరో సైకిలు దాటిపోవడానికి అంతకన్నా తక్కువ చాలదు.

గట్టుకు బదులు ప్లాస్టిక్ బొల్లార్డులు, అంటే పొట్టి స్తంభాలు, పెడతామంటే నేనైతే ఒప్పుకోను. బెంగళూరులో 2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద బొల్లార్డులతో సైకిల్ లేన్ వేశారు. మోటారు సైకిళ్ళు అందులోకి దూరాయి, మెట్రో పనులు వచ్చాయి, బొల్లార్డులు చాలా చోట్ల కనిపించకుండా పోయాయి. అవి తప్ప మరో మార్గం లేదంటే, విరిగినవాటిని ఎవరు, ఏ పద్దు కింద మారుస్తారో కాగితం మీద అడగండి.

‘రోడ్డు చిన్నది’ అన్న జవాబుకు టేపుతో వెళ్ళాలి. ఎనభై అడుగుల రోడ్డు అంటే సుమారు 24.4 మీటర్లు. మూడున్నర మీటర్ల చొప్పున నాలుగు లేన్లకు 14, డివైడరుకు 1.2, రెండు వైపులా రెండేసి మీటర్ల ఫుట్‌పాత్‌కు 4, రెండు వైపులా రెండేసి మీటర్ల సైకిల్ దారికి 4, మొత్తం 23.2. మిగిలిన 1.2 మీటర్లు చెరి సగం రెండు గట్లకు సరిపోతాయి. రోడ్డు చిన్నది కాదని దీనితో తేలుతుంది. అయితే ఈ లెక్కలో పార్కింగుకు చోటు లేదన్నది మీరు దాచకూడదు, దాచినా దాగదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. దుకాణదారుల సంఘం కార్పొరేటరు దగ్గరకు మీకన్నా ముందే వెళ్ళి ఉంటుంది. వారితో వాదించడం కన్నా, సామాను దింపుకొనే ఆటోలకు పక్క సందులో వేళలు కేటాయించమని మీ కాగితంలోనే కోరడం మంచిది.

‘ఇది మా చేతిలో లేదు’ అన్న జవాబు కూడా కొన్నిసార్లు నిజమే. రోడ్డు కార్పొరేషనుదా, రోడ్లు భవనాల శాఖదా, జాతీయ రహదారా అన్నది తేలకుండా వెళ్ళవద్దు. హైదరాబాదులో కొన్నేళ్ళ కిందట 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్ళకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. అలాంటి రోడ్డు మీద కార్పొరేటరు మాట ఎంతవరకు చెల్లుతుందో ఊహించుకోవచ్చు. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజులలో జవాబు రావాలి. రోడ్డు ఎవరిది, మాస్టర్ ప్లాన్‌లో వెడల్పు ఎంత, మళ్ళీ బీటీ (తారు) ఎప్పుడు వేస్తారు అనే మూడు ప్రశ్నలు చాలు. మూడోది ముఖ్యం. బీటీ వేసే ముందు గట్టు కోరితే అది అంచనాలో ఒక పంక్తి. వేసిన తరువాత కోరితే కొత్త రోడ్డును తవ్వమన్న అపవాదు మీకు దక్కుతుంది.

‘ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారు?’ అన్న ప్రశ్న దగ్గర చాలామంది తడబడ్డారని మీ ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. ఆదివారం పొద్దున హెల్మెట్లు, బిగుతు దుస్తులు వేసుకొని ఇరవైమంది వెళ్ళినవారు ఆ ప్రశ్నను తామే కొనితెచ్చుకొన్నారు. 2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు వెంట సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారిని ప్రారంభించారు. అది నాకూ ఇష్టమే, అప్పుడప్పుడు వెళతాను. కానీ అక్కడికి చాలామంది సైకిలును కారు వెనుక కట్టుకొని వస్తారు. మీరు కూడా ఆ కోవకు చెందినవారేనని కార్పొరేటరు అనుకొంటే, దారి అడిగారని కాక ఆటస్థలం అడిగారని జమ కడతారు. ఇప్పటికే ఉన్న సైకిల్ దారిని పొడిగించమని అడిగేటప్పుడు కూడా షికారు దారిని కాక, బస్తీకీ మెట్రో స్టేషనుకూ నడుమ తెగిన కిలోమీటరును చూపించాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవారిలో సుమారు 13 శాతం మంది అప్పట్లో సైకిలు మీదే వెళ్ళేవారు. వారు వాచ్‌మెన్లు, పేపరు వేసే కుర్రవాళ్ళు, వడ్రంగులు, హోటళ్ళలో వంటవాళ్ళు. వారిలో ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. నేను మా అపార్ట్‌మెంటు సెక్యూరిటీ గార్డును తీసుకువెళ్ళాను. నేను సిద్ధం చేసుకొన్న మాటలన్నీ అయ్యాక ఆయన ‘అమ్మా, డ్యూటీ ఆరింటికి ఉంటది, ఫస్ట్ బస్సు ఏడింటికి గానీ రాదు’ అన్నారు. కార్పొరేటరు గారు అప్పుడే మొదటిసారి పెన్ను తీశారు. (మా కార్పొరేటరు మహిళ. మీ చోటా అంతే అయితే వినతిపత్రం ఆమె పేరనే ఉండాలి. వ్యవహారాలన్నీ భర్తే చూస్తారని మీకు తెలిసినా ఆయన పేరు రాయవద్దు.)

ఓట్ల మాట ఎత్తడానికి సిగ్గుపడకండి. 2020 డిసెంబరు గ్రేటర్ హైదరాబాదు ఎన్నికలలో 150 డివిజన్లకు దాదాపు 74 లక్షల ఓటర్లు, పోలింగు 47 శాతం లోపే. అంటే సగటున ఒక డివిజన్‌లో పోలైనవి ఇరవై మూడు వేల ఓట్ల చిల్లర. అలాంటి చోట మూడు వందల సైకిల్ కుటుంబాల జాబితా చిన్నదేమీ కాదు.

ఆమ్‌స్టర్‌డామ్ ఊసు మాత్రం ఎత్తవద్దు. ‘వాళ్ళది వేరే దేశం’ అన్న ఒక్క మాటతో మీ అరగంట వృథా అవుతుంది. వరంగల్లును చూపించండి, 2020లో కేంద్రం పెట్టిన సైకిల్ పోటీలో చివరకు ఎంపికైన 11 నగరాలలో అది ఒకటి. పక్క ఊరికి వచ్చిన పేరు పని చేయించినంతగా విదేశీ ఫొటో చేయించదు.

అభ్యాసం గురించి మరచిపోయేవాణ్ణి. మీరు అడగబోయే రోడ్డు మీద ఒకే చోట మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులు, ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు నిలబడి, వెళ్ళే ప్రతి సైకిలుకూ ఒక గీత గీయండి. బడి పిల్లలకు, ఆడవారికి, సామాను మోసేవారికి వేరు వేరు గళ్ళు పెట్టుకోండి. అదే రోడ్డును ఐదు చోట్ల టేపుతో కొలిచి, స్తంభాలు, జాలీలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించండి. ఇద్దరు ఉంటే తప్ప టేపు కుదరదు, ఉదయం ఆరు లోపల ట్రాఫిక్ లేనప్పుడే కొలవాలి. ఇదంతా ఒక్క ఏ4 కాగితానికి ఒక వైపునే పట్టించి, రెండు ప్రతులు తీసుకువెళ్ళి, రెండోదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర పడిన ప్రతి చేతిలో ఉన్నవారే ఐదో పాఠానికి రండి. బడ్జెట్ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.