సెల్ఫ్ బరువుగా తిరిగే కారు: నా అనుభవం

మా పాత పెట్రోలు కారు తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు ఈడ్చుకుంటూ తిరిగి, ఆలస్యంగా స్టార్టయ్యేది. కొత్త బ్యాటరీ వేయించినా, టెర్మినళ్లు శుభ్రం చేసినా, స్పార్క్ ప్లగ్గులు మార్చినా తేడా రాలేదు.

చివరికి పనికొచ్చింది వోల్టులు కొలిచే మల్టీమీటర్. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఒకరిని తాళం తిప్పమన్నాను. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ 11.2 వోల్టులు చూపింది. అంటే బ్యాటరీలో లోపం లేదు. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ సీసపు మొనకు, రెండోదాన్ని ఇంజన్ బ్లాక్‌పై శుభ్రమైన లోహానికి ఆనించి మళ్లీ తిప్పించగా 1.4 వోల్టులు కనిపించాయి. అక్కడ సాధారణంగా 0.2, 0.3కు మించకూడదు; మించితే ఆ దారిలో కరెంటుకు ఎక్కడో అడ్డంకి ఉన్నట్టే. నెగటివ్ మొనకూ బాడీకీ మధ్య మాత్రం 0.1 మాత్రమే ఉంది కాబట్టి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ (రెండింటినీ కలిపే అల్లిక తీగల పట్టీ) పైనే అనుమానం నిలిచింది.

బ్యాటరీ నెగటివ్ ముందుగా విప్పి ఆ పట్టీ తీస్తే, రింగు కింద పచ్చటి తుప్పు, అల్లిక తీగల్లో సగం తెగి ఉన్నాయి. బోల్టు కూర్చునే చోట ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించి, పైన వ్యాజలీన్ పూశాను. కొలత 0.15కు దిగింది, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది.

అందరి కార్లకూ ఇదే కారణమని చెప్పలేను. పాజిటివ్ వైపు కూడా ఇలాగే కొలవాలి. రెండు వైపులా సరిగా ఉంటే సెల్ఫ్ మోటారునే విప్పించాలి. సెల్ఫ్ వేగంగానే తిరుగుతూ ఇంజన్ ఆలస్యంగా అందుకుంటుంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, ఇంధన పీడనం, స్పార్క్ లాంటివి చూపించుకోవాలి.