ఒక్క మాటకు ఒక్క అర్థం రాసుకుంటే పరీక్షలో దెబ్బతింటారు

హన్మకొండ స్టడీ హాళ్లల్ల గ్రూప్స్‌కు, ఎస్సైకి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంగ్లిష్ నోట్‌బుక్‌ను రెండు గళ్లు కొట్టి నింపుతుంటారు: ఇటు మాట, అటు తెలుగు అర్థం. అట్ల రాస్తే ‘రేర్’కూ ‘స్కేర్స్’కూ పక్కన ‘అరుదైన’ అనే పడుతుంది, రెండూ ఒకటే అనిపిస్తాయి. కావు. ‘స్కేర్స్’ అంటే అవసరానికి సరిపడా దొరకనిది, వ్యతిరేకం ‘ప్లెంటిఫుల్’. ‘రేర్’ అంటే ఎప్పుడో గానీ కనిపించనిది, వ్యతిరేకం ‘కామన్’. ఎండాకాలం నీళ్లు స్కేర్స్, పాత కాకతీయ నాణెం రేర్.

అందుకే వ్యతిరేకపదం మాటకు కాదు, అర్థానికి రాయాలి. ‘లైట్’కు బరువు విషయంలో ‘హెవీ’, వెలుతురు విషయంలో ‘డార్క్’. ఆప్షన్లల్ల రెండూ ఇస్తే ప్రశ్నలోని వాక్యమే దారి చూపుతుంది.

పర్యాయపదాల్లో మెప్పు, తిట్టు కూడా చూడండి. ‘స్లిమ్’ అంటే మెచ్చుకున్నట్టు, ‘స్కిన్నీ’ అంటే బక్కగున్నడని ఎత్తిపొడిచినట్టు.

రోజుకు 5 మాటలు చాలు, 20 పెట్టుకుంటే వారానికే వదిలేస్తారు. ఒక్కో మాటకు అర పేజీ ఇవ్వండి. ఉదాహరణ వాక్యం డిక్షనరీది ఎత్తిరాయొద్దు, మీరు చూసినదాని మీద కట్టండి: ‘చిల్లీస్ వర్ ప్లెంటిఫుల్ ఎట్ ఎనుమాముల మార్కెట్ దిస్ మార్నింగ్.’ ఎర్రటి కుప్పలు కండ్ల ముందు మెదిలితే ఆ మాట పోదు. తర్వాత 1, 3, 7, 21వ రోజుల్లో అర్థం చేత్తో మూసి, వాక్యం మాత్రమే చూసి చెప్పుకోండి. తప్పినదాన్ని మళ్లీ 1వ రోజు నుంచి మొదలుపెట్టండి.