ఎండాకాలంలో వర్క్‌స్టేషన్ ర్యామ్ వేడెక్కకుండా చూసుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో మా స్టూడియోలో అయితే పెళ్లి వీడియోలు పగిలాయి. బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. లోపల ఎక్స్‌పోర్ట్ 90 శాతం దాకా వచ్చాక బ్లూ స్క్రీన్. ప్రాసెసర్ కూలర్ మార్చాం, గ్రాఫిక్స్ కార్డు విప్పి తుడిచాం. నాలుగు స్లాట్లూ నిండిన 128 జీబీ ర్యామ్ కాలిపోతోందని రెండు వారాలకు గానీ తెలియలేదు.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన చార్జి. ఓటికుండలో నీళ్లలాగా అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి, సెకనులో ఎన్నోసార్లు మళ్లీ నింపుతుంటారు. దాన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగేకొద్దీ కారుడు ఎక్కువ. మామూలు చిప్పులకు హద్దు 85 డిగ్రీలు. అది దాటి 95 దాకా నడవాలంటే రిఫ్రెష్ రెట్టింపు కావాలి. ఓవర్‌క్లాక్ చేసిన (మామూలు వేగం కన్నా ఎక్కువగా నడిపే) ర్యామ్ అయితే అంత వేడి కూడా అక్కర్లేదు, ముందే తప్పులు మొదలుపెట్టొచ్చు.

1. ముందు కొలవండి

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం వేసుకుంటే ఒక్కో స్టిక్ (స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పలక) ఎంత వేడిగా ఉందో చూపిస్తుంది. లైనక్స్‌లో సెన్సర్స్ కమాండ్ చాలు. డీడీఆర్4 రకం ర్యామ్‌కి జేసీ42, దాని తర్వాతి తరం డీడీఆర్5కి ఎస్‌పీడీ5118 డ్రైవర్ లోడ్ అయి ఉండాలి. డీడీఆర్5 స్టిక్కుల్లో సెన్సర్ ఉంటుంది. డీడీఆర్4లో ఈసీసీ (తప్పుల్ని సరిదిద్దుకోగల) రకాలకు తరచూ ఉంటుంది, మామూలు వాటికి చాలాసార్లు ఉండదు. ఈసీసీ ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం: సరిదిద్దిన తప్పులు విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో నమోదవుతాయి. మిషన్ పడిపోకముందే సంగతి తెలిసిపోతుంది.

ఉత్తినే ఆన్ చేసి చూస్తే లాభం లేదు. మీ అసలు పని, అంటే రెండరో ఎక్స్‌పోర్టో, అరగంట నడిపి చూడండి. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా ర్యామ్ మీదికే వస్తుంది మరి. నా లెక్క ఇది: 55 లోపు ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. 65 దాటితే ఫ్యాను కావాలి. 80 కనిపిస్తే ఆ పూటకు పని ఆపండి.

2. దుమ్ము, చోటు

షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, కేబినెట్ ఇనుము ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి, గిరగిరా తిరగనివ్వొద్దు. టేబుల్ అరలో తలుపేసి దాచిన మిషన్‌ని బయటికి తీయండి. గది వేడి ఎంత పెరిగితే ర్యామ్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది, అందులో దాపరికం లేదు. పక్క తలుపు తీసేసి సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టడం ఆ ఒక్క రోజుకి సరే. తర్వాత తిరుపతి దుమ్మంతా లోపలే కాపురం పెడుతుంది.

3. గాలి ఎటు పోతోందో చూడండి

మేము తప్పు చేసింది ఇక్కడే. మామూలు ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు నిలబెట్టిన కేబినెట్‌లో ర్యామ్ స్టిక్కులు ముందు ఫ్యాన్లకు అడ్డంగా గోడలా నిలబడతాయి. గాలి మొదటి స్టిక్‌ని తాకి పక్కకి జారుకుంటుంది, సందుల్లోకి పోదు. సర్వర్ తరహా బోర్డులు చాలావాటిలో స్లాట్లు గాలి వచ్చే దిక్కుకే ఉంటాయి, పైగా గాలిని అటే తోసే ప్లాస్టిక్ తొడుగులుంటాయి. వాటిని అడ్డమని తీసి అటక మీద పడేయకండి.

ఇంకో చిక్కు. మేము పాత టవర్ కూలర్ తీసి లిక్విడ్ కూలర్ పెట్టించాం. ప్రాసెసర్ చల్లబడింది, కానీ దాని పక్కన ఆడే గాలి కూడా పోయింది. డబ్బు పెట్టి ర్యామ్‌ని వేడెక్కించుకున్నామన్నమాట.

4. ఒక ఫ్యాను వేలాడదీయండి

120 ఎంఎం ఫ్యాను ఒకటి తీసుకోండి. ర్యామ్‌కి ఎదురుగా, బోర్డు వైపు ఊదేట్టు, కేబినెట్ చట్రానికి ప్లాస్టిక్ టైలతో గట్టిగా కట్టండి. వైరు బోర్డు మీది ఛాసిస్ ఫ్యాన్ పిన్నులకు. నిమిషానికి 800 తిప్పులు చాలు. ర్యామ్ స్టిక్ తినేది కొద్ది వాట్లే, దానికి తుఫాను అక్కర్లేదు, కదిలే గాలి చాలు. 40 ఎంఎం బుల్లి ఫ్యాన్లు కూడా దొరుకుతాయి కానీ వాటి కీచుమోత ఎడిటింగ్ చేసేవాళ్ల చెవులకు నరకం. రెక్కలకు వైర్లు తగలకుండా చూసుకుని మూత వేయండి.

5. వోల్టేజీ, స్టిక్కులు

డీడీఆర్4 మామూలుగా 1.2 వోల్టుల మీద నడుస్తుంది. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తే సాధారణంగా 1.35 అవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బయోస్‌లో (మిషన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) దాన్ని ఆపేసి చూడండి. రెండర్ కాస్త మెల్లగా అవుతుందేమో, మధ్యలో ఆగడం కన్నా నయం. కొత్తగా కొనేవాళ్లు 16 జీబీవి నాలుగు కాకుండా 32వి రెండు తీసుకుంటే నడుమ ఒక స్లాటు ఖాళీగా, గాలికి సందు మిగులుతుంది.

"హీట్‌సింకులు వేసుకో సామీ, కూల్ అయిపోతాది" అని షాపులో అన్నారు. గాలి ఆడనిచోట ఆ రేకు కూడా కాసేపటికి అంతే వేడెక్కుతుంది. నాలుగింటికీ లావు రేకులు వేస్తే ఉన్న సందులూ మూసుకుపోతాయి. కంపెనీ అంటించిన రేకుని మాత్రం పీకొద్దు, చిప్పు కూడా ఊడి రావచ్చు. ర్యామ్‌కి వాటర్ బ్లాకులు కూడా ఉన్నాయి, మన పనికి దండగ.

6. మళ్లీ కొలవండి

అదే ప్రాజెక్టు, అదే మధ్యాహ్నం వేళ, ఏసీ అంతే పెట్టి. తేడా కాగితం మీద రాసుకోండి. వేడి తగ్గినా మిషన్ పడిపోతుంటే పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. చల్లగా ఉన్నప్పుడు కూడా తప్పులు చూపిస్తే ఏదో ఒక స్టిక్ చెడి ఉండొచ్చు, వారంటీ బిల్లు వెతకండి.