పీహెచ్‌డీలో చేరబోయే అమ్మాయిలు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

యూనివర్సిటీకి వెళ్లే ఆడపిల్లకు ఇంట్లో చెప్పే జాగ్రత్తలన్నీ డ్రెస్సు చుట్టూ, చీకటి చుట్టూ తిరుగుతాయి. కానీ లైంగికంగా వేధించేవాడు చాలాసార్లు పట్టపగలే, మార్కులో సంతకమో తన చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. రీసెర్చ్‌లో అయితే మరీనూ. గైడ్ సంతకం పడందే ప్రోగ్రెస్ రిపోర్టు కదలదు, థీసిస్ కదలదు.

కాబట్టి గైడ్‌ని ఎంచుకునే ముందే సీనియర్లతో మాట్లాడండి. మధ్యలో మానేసినవాళ్లు దొరికితే ఇంకా మంచిది. "సార్ మంచోరే, కాకపోతే..." అని ఎవరైనా ఆగిపోతే, మొహమాటపడకుండా మిగతాది కూడా అడగండి.

చేరిన వారంలోనే, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ)లో ఎవరున్నారో చూసుకోండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు నేతృత్వం వహించాలి, కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్, డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) లాంటివాళ్లు అందులో ఉండకూడదు. నోటీసు బోర్డు మీద హెచ్ఓడీ పేరు కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి, పనికొస్తుంది.

ఇక రోజువారీ సంగతి. రాత్రి పదకొండుకు "పడుకున్నావా? రేపు చాప్టర్ డిస్కషన్‌కి ఇంటికొచ్చెయ్, మేడమ్ ఊళ్లో లేరు" అని వాట్సాప్ వచ్చిందనుకోండి. అప్పుడే జవాబివ్వనక్కర్లేదు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, ఎందుకంటే పొద్దున్నకల్లా ఆ మెసేజ్ డిలీట్ అయిపోవచ్చు. పేరొక్కటే చాలదు, నంబరు, తేదీ కూడా ఎక్కడో ఒకచోట దొరకాలి. ఆ కాపీని ఫోన్లోనే ఉంచకుండా మీ మెయిల్‌కి పంపుకోండి. తెల్లారాక ఈమెయిల్‌లో "సార్, రెండో చాప్టర్ గురించి ఇంటికి కాకుండా 11 గంటలకు డిపార్ట్‌మెంట్‌లోనే కలుస్తాను" అని రాయండి. గొడవ పెట్టుకున్నట్టూ ఉండదు, రికార్డూ ఉంటుంది.

నోటి మాటలైతే ఆ రోజే తేదీ, టైము, చోటు, పక్కన ఎవరున్నారు అన్నది రాసిపెట్టుకోండి. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే తర్వాత కమిటీకి ఏమీ అర్థం కాదు. రాయడానికి చెయ్యి రాకపోయినా, ఆయన అన్న మాట అన్నట్టే రాయాలి. ఆ రోజే ఒక స్నేహితురాలికి చెప్పండి. రేపు ఆమె సాక్షి అవుతుంది.

ఫీల్డ్‌వర్క్‌లోనో స్టడీ టూర్‌లోనో జరిగితే "అది క్యాంపస్ బయట" అని తోసిపుచ్చాలని చూస్తారు. నిబంధనల్లో అవి కూడా క్యాంపస్ కిందికే వస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది గడువు దగ్గర. సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వరుసగా జరుగుతుంటే చివరిదాని నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించవచ్చు. "వైవా (థీసిస్ మీద జరిగే చివరి మౌఖిక పరీక్ష) అయ్యాక చూద్దాంలే" అనుకునేసరికి గడువు కాస్తా దాటిపోతుంది. అలా ఆగడం పిరికితనమేమీ కాదు, ఏళ్ల కష్టం ఆయన చేతిలో ఉంది మరి. కానీ విచారణ సాగినంత కాలం మీ పనినీ పరీక్షలనీ ఆయన మూల్యాంకనం చేయకుండా ఆపే వీలు అవే నిబంధనల్లో ఉంది. 3 నెలల వరకు సెలవు కూడా ఇవ్వవచ్చు. ఇవి వాటంతటవే రావు, ఫిర్యాదులోనే అడగండి.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా "నిరూపించలేకపోతే నీ మీదే కేసు" అని బెదిరించేవాళ్లు తప్పకుండా వస్తారు. నిరూపించలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారు మీద చర్య ఉండదు. రాజీ మాట మీరు అడిగితేనే రావాలి, డబ్బు మీద రాజీ అసలు కుదరదు.

కమిటీకి ఇచ్చినంత మాత్రాన పోలీసు దారి మూసుకుపోదు. భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపులు 75వ సెక్షన్, వెంటపడటం 78వ సెక్షన్. "మా పరిధి కాదు" అని స్టేషన్లో అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) నమోదు చేయమని అడగండి. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112, మహిళల హెల్ప్‌లైన్ 181.