తొలకరికి ముందే గొడ్ల కళ్లు చూసుకోండి

రోహిణి కార్తె వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అందరిదీ ఒకటే హడావుడి. చేనుకు పెంట తోలాలి, దుక్కి సరిచేసుకోవాలి, విత్తనాలు తెచ్చుకోవాలి. గొడ్ల సంగతికొస్తే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించామా లేదా అని చూసుకుంటాం. అవి తప్పనిసరే. కానీ మన దగ్గర టీకా వాడుకలో లేని జబ్బొకటి సరిగ్గా మొదటి వానలతో మందలో పడుతుంది. ప్రాణం తీయదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కన్ను మాత్రం పోవచ్చు. అదే గొడ్ల కండ్ల కలక.

దీనికి ముఖ్య కారణం మొరాక్సెల్లా బోవిస్ అనే బ్యాక్టీరియా. మనుషులకు వచ్చే కండ్ల కలక చాలావరకు వైరస్‌తో వస్తుంది, అది వేరు. ఈ బ్యాక్టీరియాకు కంటి పొర ముందే కాస్త దెబ్బతిని ఉంటే పని సులువు. మే నెల ఎండ, దుమ్ము, గడ్డి నలుసులు, సర్కారు తుమ్మ ముళ్లు ఆ దెబ్బ వేసి పెడతాయి. వానపడగానే ఈగలు లేస్తాయి. ఒక గొడ్డు కంటి నీళ్లు తాగిన ఈగ పోయి ఇంకోదాని కంటి మీద వాలుతుంది. ఎండ దెబ్బ, ఈగల గుంపు రెండూ కలిసేది మనకు జూన్‌లోనే.

అన్నిటికంటే ముందు దూడలకు వస్తుంది. కంటి చుట్టూ తెల్లగా ఉండే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులకు ఎండ ఎక్కువ తగులుతుంది. అమ్రాబాద్ వైపు పొడ తూర్పు గొడ్లకు, ఒంగోలు జాతికి కొంత తట్టుకునే గుణం ఉంది. నాటు గొడ్లకు అసలు రాదని కొందరు ధీమాగా చెబుతారు, ఆ మాట నమ్మకండి.

ఈగల పని వానకు ముందే పట్టాలి. ఈ వేడిలో ఈగ గుడ్డు పెట్టిన వారం, పది రోజులకే కొత్త ఈగ బయటికొస్తుంది. కాబట్టి కొట్టం పక్కన పెంటకుప్ప ఉంటే తొలకరికి ముందే చేనుకు తోలేయండి. ఎలాగూ తోలేదే, కాకపోతే సగం తోలి సగం వదిలేస్తాం, ఆ సగంలోనే పురుగు పడుతుంది. మిగిలినదాన్ని గుంతలో వేసి నల్ల టార్పాలిన్ గట్టిగా కప్పితే లోపలి వేడికి పురుగు చస్తుంది. నీళ్ల తొట్టి చుట్టూ బురద, కుడితి ఒలికిన చోటు, తడిసి కుళ్లిన వరిగడ్డి కూడా ఈగలకు పుట్టిళ్లే. ఒంటి మీద కొట్టే డెల్టామెత్రిన్ మందు ఎన్ని నీళ్లలో ఎంత కలపాలో డాక్టరును అడిగే వాడండి, ముఖానికి చల్లకండి. సాయంత్రం వేపాకు పొగ మంచిదే, కానీ గాలి వాటం చూడకుండా తలుపు మూసి పెడితే ఆ పొగకే కళ్లు మండుతాయి. నుదుటి మీదుగా వేలాడే తాళ్ల కుచ్చు కట్టండి. తల ఊపినప్పుడల్లా ఈగ లేచిపోతుంది.

మేత విషయంలో ఒక్కటే. యాసంగి వరిగడ్డి కట్టల్ని ఎత్తు మీద పెట్టి లాక్కుని తినేలా చేస్తే నలుసులన్నీ కళ్లలో రాలతాయి. దులిపి, తల కిందికి వంచి తినేలా తొట్టిలో వేయండి.

దేవరకద్ర అంగడి నుంచో ఇంకెక్కడి నుంచో కొత్త గొడ్డును తెస్తే రెండు మూడు వారాలు విడిగా కట్టేయండి. కన్ను బాగున్నట్టే కనిపించినా కంటి నీళ్లలో, ముక్కు తడిలో ఈ క్రిమి నెలల తరబడి ఉండగలదు.

ఇక అసలు మాట. వానలు మొదలైనప్పటి నుంచి మందను రోజూ ఒకసారి ఎండలో నిలబెట్టి చూడండి. నీడలో అన్ని కళ్లూ బాగానే ఉంటాయి. ఎండలోకి రాగానే జబ్బు కన్ను మూసుకుంటుంది. కంటి మూల నుంచి చెంప మీదికి తడి చార దిగి, దానికి దుమ్ము అంటుకుని మట్టిగీతలా కనిపిస్తుంది. ఆ గీత మీదే ఈగలు గుంపుగా ఉంటాయి. అలాంటి గొడ్డు కనిపిస్తే పలుపు దగ్గరగా కట్టి, తలను వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూడండి. నల్లగుడ్డు నడిమధ్య ఆవగింజంత తెల్లచుక్క ఉందా? అదే మొదలు. రెండు మూడు రోజుల్లో కన్నంతా నీలితెలుపు మబ్బు కమ్ముతుంది, ఆ తర్వాత అంచుల నుంచి ఎర్రటి నరాలు పాకుతాయి. పుండు లోతుకు పోతే గుడ్డు పగులుతుంది, ఇక ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే.

‘ముల్లు గుచ్చుకుని ఉంటుంది, రేపు చూద్దాం’ అనే మాటతోనే ఎక్కువ కళ్లు పోతున్నాయి. చుక్క దశలో పశువైద్యుడు ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్ సూది వేస్తే చాలావరకు నయమవుతుంది. పశువుల ఆసుపత్రి ఊరికి దూరంగా ఉంటే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. పాలిచ్చేదైతే ఎన్ని రోజులు పాలు వాడకూడదో అప్పుడే అడగండి.

మందుల షాపులో దొరికే కంటి ట్యూబుల్లో కొన్నింటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి పేరు ఉంటే డాక్టరు చూడకుండా వేయకండి. ఉప్పు నమిలి కంట్లో ఊయడం, పొగాకు రసం పిండడం అంతకంటే ఘోరం. ఉత్త సెలైన్‌తో కడిగి, పుసి తుడిచి ఆపేయండి. ఒక గొడ్డును తుడిచిన గుడ్డ రెండో దానికి తాకకూడదు, చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలి.

జబ్బు తగిలినదాన్ని మంద నుంచి తీసి నీడలో, నీళ్లు, మేత దగ్గరున్న చోట కట్టండి. పాత జీన్స్ ముక్కను మూడు వైపులా గమ్‌తో అంటించి, కింది వైపు తెరిచి కంటికి కప్పితే ఎండ, ఈగ రెండూ తగలవు. గమ్ రెప్ప వెంట్రుకలకు అంటకుండా చూడండి.

కన్ను తెల్లబడిన ప్రతిదీ ఇదే కాదు. గుడ్డు మీద సన్నటి దారంలా తెల్లపురుగు కదిలితే అది కంటి పురుగు, దాన్ని కూడా ఈగే మోస్తుంది. గట్టి జ్వరం, నోట్లో పుండ్లు, రెండు కళ్లూ అంచుల నుంచి తెల్లబడడం కనిపిస్తే, అందులోనూ గొర్రెలతో కలిపి కట్టే చోట, వెంటనే డాక్టరుకు చెప్పండి. జోరీగలు ఎక్కువైనప్పుడు జ్వరం వచ్చి, గొడ్డు గుండ్రంగా తిరుగుతుంటే జోరీగలు మోసే సర్రా జబ్బును అనుమానించాలి.

మానాక తెల్ల మచ్చ మిగలొచ్చు. చిన్నదైతే చూపుకు ఇబ్బంది ఉండదు. దున్నే ఎద్దుకు ఎడమ కన్ను పోతే దాన్ని వలపట (కుడి వైపు) కట్టండి, కనిపించని వైపు జత ఎద్దు ఉంటుంది. కొత్త పక్కకు అలవాటు పడేదాకా ఖాళీ బండికి తప్ప దేనికీ కట్టకండి.