విండోస్ 11 పైలట్: మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సినవి

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. తొందర ఉన్నమాట నిజమే, అలాగని ఆఫీసులోని మూడొందల పీసీల్ని ఒకేసారి అప్‌గ్రేడ్ చేయకండి. కొన్నింటి మీదే పైలట్ (చిన్న ప్రయోగం) చేసి చూడండి.

ముందు ఒక్క పేజీ రాయండి. "విండోస్ 11 బాగుంటుందా?" అనే ప్రశ్నకు జవాబు దొరకదు. "జీఎస్టీ రిటర్న్‌కి డిజిటల్ సంతకం టోకెన్, స్టోర్స్‌లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, సేల్స్ వాళ్ల వీపీఎన్ పనిచేస్తాయా?" అని అడిగితే దొరుకుతుంది. ఏం జరిగితే పైలట్ ఆపేస్తారో, ఆ మాట ఎవరు చెప్తారో కూడా అదే పేజీలో ఉండాలి. తర్వాత రాస్తే షరతులు ఫలితాన్ని బట్టి వంగిపోతాయి.

మూడొందలకి పదిహేను మెషీన్లు చాలు. వాటిలో ఐటీవి మూడుకు మించొద్దు. ఐటీవాళ్లు సమస్యను తామే సర్దుకుంటారు, టికెట్ వేయరు. అకౌంట్స్‌వి నాలుగు, మిగతావి ఇతర విభాగాలవి. ఆఫీసులో వాడే ప్రతి మోడల్ ఒక్కటైనా ఉండాలి. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేని పీసీలు ఇందులోకి రావు, వాటిది కొనుగోళ్ల లెక్క.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. నెలనెలా రిటర్న్ వేసే కంపెనీకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11, జీఎస్‌టీఆర్-3బి (పన్ను కట్టే రిటర్న్) గడువు 20. ఆరో తేదీన అప్‌గ్రేడ్ చేశారనుకోండి. పాత విండోస్‌కి తిరిగి వెళ్లే వెసులుబాటు మామూలుగా పది రోజులే, అంటే పదహారుకే అయిపోతుంది. ఇరవైన టోకెన్ మొరాయిస్తే వెనక్కి దారి లేదు. అందుకే అప్‌గ్రేడ్ అయిన రోజే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డీఐఎస్‌ఎం (విండోస్‌లోనే ఉండే నిర్వహణ టూల్) కమాండ్‌తో ఆ గడువును 30 రోజులకు పెంచండి (60 దాకా పెంచవచ్చు). డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తే ఈ పెంపు వృథా. ఆ మాట యూజర్లకు ముందే చెప్పండి. అకౌంట్స్‌లో ఒక పీసీని 3బి వేసేదాకా విండోస్ 10 మీదే ఉంచడం ఇంకా మంచిది.

బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే పీసీ సెట్టింగుల్లో) టీపీఎం, సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను (డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) సస్పెండ్ చేయండి. లేకపోతే రీస్టార్ట్ కాగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది యూజర్ దగ్గర ఉండదు.

టోకెన్, ప్రింటర్ పనిచేయకపోతే ముందు డ్రైవర్ చూడండి. మెమరీ ఇంటెగ్రిటీ (విండోస్‌లోని ఒక భద్రతా ఫీచర్) ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లు లోడ్ కాకపోవచ్చు. దాన్ని ఆఫ్ చేసి "పనైంది" అనుకోకుండా, తయారీదారు నుంచి కొత్త డ్రైవర్ తెప్పించండి.

ఫిర్యాదులన్నీ ఒకే షీట్‌లో రాయించండి: మెషీన్, ఏ పని ఆగింది, ఎంతసేపు. వాట్సాప్‌లో చెప్పినవి కూడా అందులోకే ఎక్కాలి. నెలాఖరున ఆ షీట్‌నీ మొదటి పేజీనీ పక్కపక్కన పెట్టి, ముందుకా, సరిచేసి మళ్లీనా, ఆపేయడమా అన్నది అదే మీటింగ్‌లో తేల్చండి.