వెండి రూపాయికి గ్రేడు కట్టడం – 4వ పాఠం: డబ్బాలో లేని నాణెం

పోయిన పాఠంలో తూకం చూశాం. 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో నిండు తులం. చెప్పినట్టు చేసి ఉంటే మీ దగ్గర ఐదో జార్జి రూపాయిలు నాలుగైదు పోగై ఉండాలి, వాటిలో 1918వి తప్పకుండా ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఖజానాకు వెండి చాలలేదు. అప్పుడు అమెరికా పిట్‌మన్ చట్టం కింద తన వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో చాలా భాగం బ్రిటన్ కొని మన టంకశాలలకు పంపింది. అందుకే ఆ ఏటి రూపాయిలు అంత విరివిగా దొరుకుతాయి. చెయ్యి తిరగడానికి వాటికి మించినవి లేవు.

ఈ పాఠం గ్రేడు గురించి, అంటే నాణెం ఎంత అరిగిందో, ఎంత బాగా నిలిచిందో చెప్పే స్థాయి గురించి. "ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి నంబరు రాసి ఉంటేనే కదా గ్రేడు?" అని చాలామంది అడుగుతారు. కాదు. సీలు డబ్బాల పద్ధతికి ఊపు వచ్చింది 1986లో, పీసీజీఎస్ అనే అమెరికా గ్రేడింగు సంస్థ మొదలయ్యాక. అంతకు ముందే, 1979 నుంచి, అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వారి అనాక్స్ సంస్థ ఫొటో ఉన్న ధ్రువపత్రం మీద గ్రేడు రాసి ఇచ్చేది. నాణెం విడిగా, కాగితం విడిగా ఉండేవి. ఆ పత్రంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది: బొమ్మకో గ్రేడు, బొరుసుకో గ్రేడు వేసేవారు. మీరూ అలాగే వేయండి. రెండు వైపులనూ కలిపి ఒకే అంకె వేస్తే, ఏ వైపు ఎంత అరిగిందో ఆ అంకె చెప్పదు.

ముందు వెలుతురు. గదిలో ట్యూబులైటు ఆర్పేయండి. టేబుల్ ల్యాంపు ఒక్కటే చాలు, పాతకాలపు పసుపు బల్బయితే మరీ మంచిది. కింద నాలుగు మడతల మెత్తటి గుడ్డ పరవండి. నాణేన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచు దగ్గరే పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పడితే ఆ ముద్ర కొన్నాళ్లకు మచ్చై కూర్చుంటుంది.

ఇప్పుడు ల్యాంపు కింద నాణేన్ని మెల్లగా వాల్చి తిప్పండి. వాడకంలోకి వెళ్లని నాణెం మీద వెలుగు చారలు బండిచక్రపు ఆకుల్లా మధ్య నుంచి అంచుదాకా తిరుగుతాయి. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం బయటికి పారి సన్నని గీతలుగా నిలిచిపోతుంది. వెలుగు ఆడేది ఆ గీతల మీదే. అసలైన టంకశాల మెరుపు అదే. తోమితే వచ్చే తళుకు ఇలా తిరగదు, ఉన్నచోటే మెరుస్తుంది.

తర్వాత ఎత్తయిన చోట్లు చూడాలి. రాజు చెవి, మీసం, కిరీటం, అంగీ మీది ఏనుగు. 1911 రూపాయిలో ఈ ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనబడిందని గొడవ జరిగింది, 1912లో అచ్చు మార్చారు. గ్రేడు కట్టేవాళ్ల కన్ను కూడా ముందు పోయేది ఆ ఏనుగు మీదికే. ఎక్కడా అరుగుదల లేకపోతే యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్). ఎత్తయిన చోట్ల మాత్రమే పొర మాసినట్టుండి, మిగతా అంతా మెరుపు నిలిచి ఉంటే ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్). వివరాలన్నీ ఉన్నా ఎత్తులన్నీ కొద్దికొద్దిగా చదునై, మెరుపు అక్షరాల మూలల్లోనే దాక్కుంటే ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్). ఏనుగు ఆకారం ఉండి లోపలి గీతలు పోతే వీఎఫ్ (వెరీ ఫైన్). ఆ కిందివి తర్వాతి పాఠాల్లో.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. అచ్చు సరిగా పడని చోటు కూడా చదునుగానే కనిపిస్తుంది. తేడా రంగులో ఉంది. అచ్చు పడని చోట మెరుపు పోదు, చుట్టుపక్కల రంగే అక్కడా ఉంటుంది. అరిగిన చోటు నున్నగా, బూడిద రంగులో వేరుగా తేలుతుంది.

ఇక అసలు చిక్కు తోమిన నాణెం. మా నాయనమ్మ పూజలో ఉంచిన 1919 రూపాయి నా దగ్గరుంది. ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ ముందు రోజు దాన్ని విభూతితో రుద్దేవాళ్లం. నాకు పదేళ్లప్పుడు ఆ పని నాదే. ఇప్పుడు పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెడితే రాజు బుగ్గ మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు, నా చెయ్యి తిరిగిన దిక్కుకే. అరుగుదల ఎక్స్‌ఎఫ్ స్థాయే. అయినా చీటీ మీద "ఎక్స్‌ఎఫ్ వివరాలు, తోమినది" అని రాశాను. అలా రాయడం కష్టంగానే అనిపించింది. కానీ గ్రేడు నాణేనిదే, మన ప్రేమది కాదు. సేకరణలో ఉన్న నాణేన్ని చింతపండుతో గానీ పళ్లపొడితో గానీ ముట్టుకోకండి.

మన ఊళ్లలో ఇంకొకటి తప్పక చూడాలి: కొక్కెం అతికిన గుర్తు. రూపాయిలు దండలుగా కట్టుకునే అలవాటు మనకుంది. కిరీటం పైన అంచును అద్దంతో చుట్టూ తిప్పి చూడండి. పక్కగాట్లు (అంచు చుట్టూ ఉండే సన్నని నిలువు గీతలు) అక్కడ మూసుకుపోయినా, ఆకురాయితో రాసినట్టున్నా టంకం తీసేసిన నాణెమే. దానికి గ్రేడు అంకె వేయకూడదు, లోపం పేరు రాయాలి.

చూడటం అయ్యాక చీటీ. ఏడాది, టంకశాల (చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా), తూకం, బొమ్మ గ్రేడు, బొరుసు గ్రేడు, గుర్తుపట్టడానికి ఒకటి రెండు గాట్లు ఎక్కడున్నాయో, ఆ రోజు తేదీ. తేదీ మరవకండి. డబ్బాలో లేని నాణెం తర్వాత కూడా అరుగుతుంది, చీటీ మారదు. నాణేన్ని పలచటి కాగితం కవరులో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు వాటి నుంచి ఆకుపచ్చ జిగురు దిగుతుంది.

ఈ వారం పని: ఐదు రూపాయిలకు చీటీలు రాసి, ఇంకెవరి చేతికైనా ఇచ్చి దాచమనండి. పది రోజుల తర్వాత అవే నాణేలకు కొత్త చీటీలు రాసి, రెండూ పక్కపక్కన పెట్టండి. ఏ నాణెం దగ్గర మాట మారిందో గుర్తుపెట్టుకోండి. ఐదో పాఠం ఆ నాణెంతోనే మొదలు పెడదాం.